తూర్పు అంటే ఎవరికి తూర్పు?

ఉత్తర కొరియా క్షిపణి వదిలిన రోజు వార్తలు ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. టోక్యో నుంచి వచ్చే ఇంగ్లీషు వార్తలో ఆ క్షిపణి ‘సీ ఆఫ్ జపాన్’లో పడుతుంది. సియోల్ నుంచి వచ్చే వార్తలో అదే క్షిపణి ‘ఈస్ట్ సీ’లో పడుతుంది. ఈ తగువు తనకెందుకనుకున్న విలేకరి ‘కొరియా ద్వీపకల్పానికి తూర్పున ఉన్న జలాల్లో’ అని రాసి పక్కకు తప్పుకుంటాడు. మర్నాడు మన తెలుగు పేపర్లలో ఒకదాంట్లో ‘జపాన్ సముద్రం’ అని, ఇంకోదాంట్లో ‘తూర్పు సముద్రం’ అని వస్తుంది. రెండు పేపర్లూ చదివేవాడికి రెండు క్షిపణులు, రెండు సముద్రాలు! మా విశాఖపట్నంలో అయితే ఇంకో అనుమానం కూడా వస్తుంది. తూర్పు సముద్రమంటే మన రామకృష్ణా బీచ్ ముందున్నది కాదు గదా?

నేను సరుకు ఓడల మీద పనిచేసి రిటైరైనవాణ్ణి. కాప్టెన్ కాకముందు సెకండ్ మేట్‌గా ఉన్న రోజుల్లో ఓడలోని చార్టులన్నీ నా అజమాయిషీలో ఉండేవి. చార్టంటే సముద్రపు పటం. బ్రిటిష్ అడ్మిరాల్టీ వాళ్ళు వారం వారం పంపే సవరణలు చూసుకుంటూ, ఎక్కడ దీపస్తంభం మారింది, ఎక్కడ కొత్తగా ఓడ మునిగి అడ్డం పడింది అన్నవి వంగపండు రంగు సిరాతో చార్టు మీద గుర్తుపెట్టడం నా పని. ఆ పనిలో గమనించిన సంగతొకటుంది. చార్టు మీద నేలకి సంబంధించిన పేర్లు నిటారుగా ఉంటాయి. నీటికి సంబంధించిన పేర్లు పక్కకి వాలి ఉంటాయి. ఆ వాలు అక్షరాల్లో ఏముందో ఏ నావికుడూ పట్టించుకోడు. మా పనంతా అక్షాంశ రేఖాంశాలతో. అలాంటిది, ఒక సముద్రం పేరు కోసం దేశాలు దశాబ్దాల తరబడి ఎందుకు తగువులాడుకుంటున్నాయన్నది నాకు ఆ రోజుల్లోనే పట్టుకున్న ఆసక్తి.

ఒక్క ప్రయాణంలో నాలుగు తూర్పులు

మీరు అరకు వెళ్ళే రైలెక్కితే వెళ్ళే దారి అసలు వేసింది ప్రయాణికుల కోసం కాదు. బైలడీల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్ ఉక్కు మిల్లులకి పంపడానికి 1960ల్లో వేసిన కొత్తవలస-కిరండూల్ లైను అది. పెద్ద ఖనిజం ఓడలు నిలబడడానికే 1976లో విశాఖకి ఔటర్ హార్బర్ వచ్చింది. జపాన్‌తోపాటు తర్వాత దక్షిణ కొరియా కూడా మన ఖనిజం కొంది. కొరియా తూర్పు తీరంలోని పోహాంగ్‌లో పోస్కో వారి ఉక్కు కర్మాగారం ఉంది. విశాఖలో ఎర్రటి ఖనిజం నింపుకుని పోహాంగ్ రేవుకి బయల్దేరితే, వాతావరణం కలిసొస్తే, సుమారు రెండు వారాల దారి.

ఆ దారిలో పేర్లు చూడండి. బయల్దేరేదే మనం తూర్పు తీరం అని పిలిచే ఒడ్డు నుంచి. అండమాన్లు దాటి, మలక్కా జలసంధిలోంచి సింగపూర్ చుట్టి పైకి తిరిగితే ఇంగ్లీషు చార్టు ‘సౌత్ చైనా సీ’ అంటుంది. చైనావాళ్ళకది దక్షిణ సముద్రం. వియత్నాం వాళ్ళకి మాత్రం అది ‘బియెన్ దోంగ్’, అంటే తూర్పు సముద్రం. తైవాన్ పక్కనుంచి ఇంకా పైకి వెళ్తే ఇంగ్లీషులో ‘ఈస్ట్ చైనా సీ’. చైనావాళ్ళు దాన్ని ‘దోంగ్ హై’ అంటారు. అదీ తూర్పు సముద్రమే. అక్కణ్ణుంచి కొరియా జలసంధి దాటి పోహాంగ్ చేరేసరికి అక్కడివాళ్ళు ‘దోంగ్‌హే’ అంటారు. మళ్ళీ తూర్పు సముద్రమే!

పోహాంగ్‌లో ఓడని రేవులోకి తీసుకెళ్ళడానికి ఒక పెద్దాయన పైలట్‌గా వచ్చాడు. వాళ్ళ పద్ధతి ప్రకారం ముందు అందరికీ వంగి దండం పెట్టాడు. టీ ఇచ్చాం. తాగుతూ నా చార్టు మీదికి వంగి, వాలు అక్షరాల మీద వేలు పెట్టి, నవ్వుతూనే “ఇది ఈస్ట్ సీ అండీ” అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. ఇంటిపేరు తప్పు పలికినవాణ్ణి మర్యాదగా సరిదిద్దినట్టు అన్నాడు. ఆ తర్వాతెప్పుడో జపాన్ వైపు నీగాటాలో మా ఏజెంటు అదే నీటిని చూపించి, చలికాలంలో ఈ సముద్రం మీంచి వచ్చే మంచు తమ ఊళ్ళని ఎలా ముంచేస్తుందో చెప్పాడు. ఆయన నోట్లో అది ‘నిహోంకాయ్’, జపాన్ సముద్రం. సైబీరియా నుంచి వీచే పొడి చలిగాలి ఈ సముద్రం మీద తేమ తాగి, జపాన్ కొండలకి తగిలి మంచుగా రాలుతుంది. ప్రపంచంలో మంచు బాగా ఎక్కువ పడే ఊళ్ళు కొన్ని ఆ తీరంలోనే ఉన్నాయి. ఇద్దరి మాటా అబద్ధం కాదు. ఎవరి ఒడ్డున వాళ్ళు నిలబడి చెప్పారు.

అసలు ఎలాంటి సముద్రం అది

విస్తీర్ణం దాదాపు పది లక్షల చదరపు కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపి అందులో పరిస్తే మూడుసార్లు పరిచినా ఇంకా చోటు మిగులుతుంది. లోతైన చోట 3,700 మీటర్లకి పైనే. పడమట కొరియా ద్వీపకల్పం, ఉత్తరాన, వాయవ్యాన రష్యా, తూర్పున విల్లులా వంగిన జపాన్ దీవులు. బయటి సముద్రాలకి దారులు ఉన్నాయి గానీ అన్నీ ఇరుకు, లోతూ తక్కువ. అందుకే పోటు లోపలికి పెద్దగా రాదు. పోహాంగ్‌లో ఆటుపోట్ల తేడా అడుగుకి అటూ ఇటూ. అదే కొరియాకి పడమటి వైపున్న ఇంచియాన్‌లో తేడా తొమ్మిది మీటర్ల దాకా వెళ్తుంది. ఒకే దేశం, రెండు ఒడ్లు, పోలికే లేని రెండు సముద్రాలు.

ఆ పడమటి సముద్రాన్ని ఇంగ్లీషులో ‘యెల్లో సీ’ అంటారు. చైనా నుంచి పసుపునది మోసుకొచ్చే ఒండ్రు వల్ల వచ్చిన పేరది. కొరియావాళ్ళు ఇంట్లో దాన్ని పడమటి సముద్రం అనే పిలుచుకుంటారు. అయినా ఇంగ్లీషులో ‘యెల్లో సీ’ అంటే ఎవరూ అభ్యంతరం చెప్పరు. దాంట్లో ఏ దేశం పేరూ లేదు మరి. తగువు తూర్పు వైపునే వచ్చింది.

పేరు పటమెక్కిన తీరు

1602లో చైనాలో ఉన్న ఇటలీ మతబోధకుడు మతెయో రిచ్చీ చైనా లిపిలో ఒక పెద్ద ప్రపంచ పటం తయారుచేశాడు. ఆ పటంలో ఈ నీటి మీద ‘జపాన్ సముద్రం’ అని ఉంది. ఆ తర్వాత రెండు శతాబ్దాలపాటు యూరప్ పటాల్లో నిలకడ లేదు. ఒకాయన ‘కొరియా సముద్రం’ అన్నాడు, ఇంకొకాయన ‘జపాన్ సముద్రం’ అన్నాడు, మరొకాయన ‘ఓరియంటల్ సీ’ అన్నాడు. వీళ్ళలో చాలామంది ఆ నీటిని కళ్ళతో చూసినవాళ్ళు కారు.

చూసినవాళ్ళు ఆలస్యంగా వచ్చారు. 1787లో ఫ్రెంచి నావికుడు లాపెరూజ్ ఓడలు ఈ సముద్రంలోంచి ఉత్తరానికి వెళ్ళాయి. 1805లో రష్యా నావికుడు క్రూజెన్‌స్టెర్న్ నాగసాకి నుంచి బయల్దేరి ఇదే సముద్రం మీదుగా కమ్చాట్కా వెళ్ళాడు. వాళ్ళ ప్రయాణాల పటాలు ‘జపాన్ సముద్రం’ అన్నాయి. నావికుడి లెక్కలో అందులో తర్కముంది. పసిఫిక్ నుంచి ఈ నీటిని వేరుచేసే గోడ జపాన్ దీవులే. ఆ గోడ లేకపోతే ఇది వేరే సముద్రమే కాదు. ఆ పటాలు పేరున్నవి కాబట్టి తర్వాతివాళ్ళు వాటినే అనుసరించారు. 19వ శతాబ్దం గడిచేకొద్దీ యూరప్ భాషల్లో ఆ పేరే నిలబడింది.

తమాషా ఏమిటంటే, 19వ శతాబ్దంలో జపాన్‌లోనే గీసిన కొన్ని పటాల్లో ఈ నీటి మీద ‘చోసెన్ సముద్రం’, అంటే కొరియా సముద్రం అని కనిపిస్తుంది. ఇంట్లోవాళ్ళ కన్నా బయటినుంచి వచ్చినవాళ్ళే జపాన్ పేరుని ఎక్కువ పట్టుకున్నారన్నమాట. 1905లో రష్యా నౌకాదళాన్ని సుషిమా దగ్గర జపాన్ ఓడించాక ఆ పేరుకి గర్వం కూడా తోడైంది. జపాన్ వాళ్ళు ఆ యుద్ధాన్ని ‘జపాన్ సముద్ర యుద్ధం’ అనే పిలుస్తారు.

మొనాకోలో ఒక పలచటి పుస్తకం

ఇక్కడిదాకా వాడుక. దానికి అచ్చు ముద్ర వేసింది మొనాకో. సముద్ర పటాలు తయారుచేసే ప్రభుత్వ శాఖలన్నీ కలిసి 1921లో అక్కడ ఒక సంస్థ పెట్టుకున్నాయి. ఇప్పుడు దాని పేరు ఇంటర్నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆర్గనైజేషన్. మన తరఫున ఆ పని చూసేది నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీసు. సముద్రాలన్నీ కొలిచే ఆ ఆఫీసు కొండల్లోని డెహ్రాడూన్‌లో ఉండడం మా నావికుల్లో పాత జోకు.

ఆ సంస్థ 1920ల చివర ‘సముద్రాలు, మహాసముద్రాల హద్దులు’ అనే పుస్తకం అచ్చేసింది. దాన్ని ఎస్-23 అంటారు. ఏ సముద్రం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అందులో రాసి ఉంటుంది. ఫలానా కొన నుంచి ఫలానా కొనకి గీత, దానికి ఇవతల ఫలానా సముద్రం, అంతే. ఆ హద్దులకి రాజకీయంగా ఏ అర్థమూ లేదని ముందుమాటలోనే చెప్పుకున్నారు. అందులో ఈ నీటి పేరు ‘జపాన్ సీ’ అని పడింది. అప్పటికి కొరియా జపాన్ పాలనలో ఉంది. 1905లోనే విదేశీ వ్యవహారాల హక్కు పోయింది, 1910లో దేశమే పోయింది. మొనాకోలో బల్ల ముందు కూర్చోడానికి కొరియా తరఫున ఎవరూ లేరు. 1937లో రెండో కూర్పు వచ్చింది, అప్పుడూ లేరు. 1953లో మూడో కూర్పు వచ్చేనాటికి కొరియా యుద్ధంలో తలమునకలై ఉంది. దక్షిణ కొరియా ఆ సంస్థలో చేరింది 1957లో. ఎస్-23కి ఆ తర్వాత ఇంకో కూర్పు రానేలేదు. రానీయకుండా ఆపింది ఈ పేరే.

కొరియాలు రెండూ 1991లో ఐక్యరాజ్యసమితిలో చేరాయి. మరుసటి ఏడు, 1992లో, భౌగోళిక నామాల మీద జరిగిన ఐక్యరాజ్యసమితి సదస్సులో మొదటిసారి ఈ తగువు లేచింది. 2002లో ఎస్-23 నాలుగో కూర్పు ముసాయిదా తయారైనప్పుడు, ఈ సముద్రానికి సంబంధించిన పేజీలు తీసేసి సభ్యదేశాలకి ఓటింగుకి పంపారు. దాని మీదా రగడై, ఆ ఓటింగునే వెనక్కి తీసుకున్నారు. పుస్తకంలో ఒక సముద్రం ఉండాల్సిన చోట ఖాళీ!

ఎవరి వాదన వారిది

జపాన్ మాట ఇది. ఆ పేరు మేం పెట్టింది కాదు, యూరప్ వాళ్ళు పెట్టారు. అది స్థిరపడిన కాలంలో మేం తలుపులు మూసుకుని కూర్చున్నాం, వలసపాలనకీ దీనికీ సంబంధం లేదు. రెండు శతాబ్దాలుగా నడుస్తున్న పేరుని మారిస్తే గందరగోళం.

కొరియా మాట ఇది. మేం ఈ నీటిని దోంగ్‌హే అని పిలవడం మొదలుపెట్టి రెండు వేల ఏళ్ళు. 12వ శతాబ్దపు మా చరిత్ర గ్రంథంలో ఆ పేరుంది, మా జాతీయగీతం మొదలయ్యేదే ఆ పేరుతో. ప్రపంచం పేర్లు ఖాయం చేసుకునేటప్పుడు మాకు నోరు లేకుండా చేశారు. 1974లో మొనాకో సంస్థే ఒక తీర్మానం చేసింది. ఒకే నీటిని పంచుకునే దేశాలు ఒక పేరు మీద ఒప్పందానికి రాకపోతే రెండు పేర్లూ పటం మీద వేయాలని. అది ఇక్కడా అమలు చేయండి.

ఆ తీర్మానం చిన్న జలసంధుల్లాంటి వాటికే గానీ ఇంత పెద్ద సముద్రానికి కాదని జపాన్ జవాబు. ఉత్తర కొరియా ఇంకో అడుగు ముందుకేసి ‘కొరియా తూర్పు సముద్రం’ అంటుంది. రష్యా భాషలోనూ చైనా భాషలోనూ అది జపాన్ సముద్రమే.

వీటన్నిటి వెనకా సముద్రం మధ్యలో రెండు రాతి గుట్టలున్నాయి. కొరియాకి అవి దోక్‌దో, జపాన్‌కి తకేషిమా. ఇంగ్లీషు పటాల్లో లియాంకూర్ రాక్స్. 1849లో అక్కడికి వచ్చిన ఒక ఫ్రెంచి తిమింగలాల వేట ఓడ పేరది. దక్షిణ కొరియా పోలీసులు వాటి మీద కాపలా ఉన్నారు, జపాన్ తనవంటుంది. సముద్రం పేరు ఒప్పుకుంటే రాళ్ళు కూడా పోతాయేమోనన్న భయం రెండువైపులా ఉంది.

చట్టం ప్రకారం ఆ భయానికి ఆధారం లేదు. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం ఒడ్డు నుంచి లెక్క కడుతుంది. పన్నెండు నాటికల్ మైళ్ళు ప్రాదేశిక జలాలు, రెండు వందల మైళ్ళు చేపలూ ఖనిజాల మీద హక్కు. పేరుతో దానికి పనిలేదు. హిందూ మహాసముద్రం పేరు మనది కదా అని మడగాస్కర్ ముందున్న ట్యూనా చేప మనదైపోదు. కానీ పేరు వినగానే చెవికి తోచేది చట్టం చెప్పేది కాదు. ‘సీ ఆఫ్ జపాన్’ అన్నా ‘జపాన్ సముద్రం’ అన్నా విన్నవాడికి ముందు తట్టేది ‘జపాన్ వాళ్ళది’ అనే.

తగువు ఇంగ్లీషులోనే ఎందుకు

చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. ఈ పోరాటంలో అసలు లక్ష్యం ఇంగ్లీషు. జపాన్ బడిపిల్లలు నిహోంకాయ్ అని, కొరియా బడిపిల్లలు దోంగ్‌హే అని చదువుకుంటూనే ఉన్నారు. పట్టుదలంతా మూడో భాషలో ఏం రాయాలన్నదాని మీద. ఓడల్లోనూ విమానాల్లోనూ నడిచే భాష అదే కాబట్టి, అందులో పడ్డ పేరే ప్రపంచం పేరవుతుంది.

ఆ భాషకి ఒక్క యజమాని లేడు. అమెరికాలో 1890 నుంచి భౌగోళిక నామాల బోర్డొకటి ఉంది, దాని ప్రకారం ‘సీ ఆఫ్ జపాన్’ ఒక్కటే. ఐక్యరాజ్యసమితి సచివాలయం కూడా తన పత్రాల్లో ఆ పేరే వాడుతుంది. నేషనల్ జాగ్రఫిక్ పటాలు రెండో పేరు కూడా ఇస్తాయి. గూగుల్ మ్యాప్స్ ఇంకా తెలివైంది. జపాన్‌లో తెరిస్తే ఒక పేరు, కొరియాలో తెరిస్తే ఇంకో పేరు, మిగతాచోట్ల రెండూ.

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం 2014లో ఏకంగా చట్టమే చేసింది. బడి పుస్తకాల్లో సీ ఆఫ్ జపాన్ అని ఉన్నచోట దాన్ని ఈస్ట్ సీ అని కూడా అంటారని రాయాలి. అక్కడ కొరియా నుంచి వెళ్ళి స్థిరపడ్డ కుటుంబాలు ఎక్కువ, వాళ్ళ ఓట్లూ ఎక్కువే. అదే ప్రాంతంలో మన తెలుగువాళ్ళూ బోలెడంతమంది. మా చెల్లెలి మనవరాలు అక్కడే చదువుకుంటోంది. ఒక ఆదివారం వీడియో కాల్‌లో “తాతయ్యా, మా బుక్‌లో ఒక సీకి రెండు పేర్లున్నాయి. టెస్ట్‌లో ఏది రాయాలి?” అని అడిగింది. “రెండూ రాయమ్మా, చట్టం నీ పక్షానే ఉంది” అన్నాను. “మరి నీ షిప్‌లో ఏది రాసుకునేవాడివి?” అంది. “అంకెలు” అన్నాను. నిజమే. పోహాంగ్ అంటే మాకు ఉత్తరం 36 డిగ్రీలు, తూర్పు 129 డిగ్రీల పైచిలుకు. తుఫాను హెచ్చరిక టోక్యో నుంచి జపాన్ పేరుతో వచ్చినా, కొరియా నుంచి ఈస్ట్ సీ అని వచ్చినా, ముందు చూసేది అంకెలే. కొత్తగా వచ్చిన క్యాడెట్ ఎవరైనా రెండు తుఫాన్లనుకుంటే సరంగు కూడా నవ్వేవాడు.

తగువు పడనివాళ్ళు, కొత్తగా పడేవాళ్ళు

ఇంగ్లీషులో సముద్రాల పేర్లు ఎప్పుడూ మారలేదనుకుంటే పొరపాటు. బ్రిటన్‌కీ డెన్మార్క్‌కీ మధ్య ఉన్న ‘నార్త్ సీ’ని 19వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళే ‘జర్మన్ ఓషన్’ అని కూడా రాసేవారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఆ మాట వాడుక తప్పింది. ఏ సదస్సూ తీర్మానించలేదు. బాల్టిక్ సముద్రాన్ని జర్మన్లు తూర్పు సముద్రం అంటారు, ఎదురొడ్డున ఉన్న ఎస్టోనియా వాళ్ళు పడమటి సముద్రం అంటారు. ఫిన్లాండ్ వాళ్ళు తమకి పడమట, దక్షిణాన ఉన్న అదే నీటిని తూర్పు సముద్రం అంటారు. స్వీడన్ వాళ్ళ మాటని తమ భాషలోకి తెచ్చుకోవడంతో అలా అయింది. అక్కడ గొడవ లేదు.

గొడవ ఉన్నచోట మాత్రం ఆ పేరు వెనక పాత గాయమో కొత్త భయమో ఉంటుంది. దక్షిణ చైనా సముద్రంలో తమ వైపు భాగాన్ని 2012లో ఫిలిప్పీన్స్ ‘వెస్ట్ ఫిలిప్పీన్ సీ’ అంది. 2017లో ఇండోనేషియా తన మూలని ‘నార్త్ నతూనా సీ’ అంది. 2025 జనవరిలో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ‘గల్ఫ్ ఆఫ్ మెక్సికో’ని తమ ప్రభుత్వ వాడుకలో ‘గల్ఫ్ ఆఫ్ అమెరికా’గా మార్చారు. పాత పేరు వదలనన్నందుకు అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ విలేకరులని వైట్‌హౌస్ కార్యక్రమాల్లోకి రానివ్వలేదు.

ఇరాన్‌కీ అరబ్బు దేశాలకీ మధ్య నీటిది ఇంకో కథ. ఇరాన్‌కి అది పర్షియన్ గల్ఫ్, అవతలి ఒడ్డుకి అరేబియన్ గల్ఫ్. ఓడలో ఉత్తరం ఏ రేవుకి రాస్తున్నామో చూసుకుని పేరు రాయాల్సి వచ్చేది. మన కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి పనికోసం వెళ్ళినవాళ్ళు దీన్ని ఎప్పుడో పరిష్కరించేశారు. “మావాడు గల్ఫ్‌లో ఉన్నాడు” అంటారు. ముందు మాట కోసేశారు, తగువూ కోసేశారు.

మన సంద్రం సంగతి

మా జాలరిపేటలో “బంగాళాఖాతంలోకి వేటకెళ్తన్నా” అనేవాడు ఒక్కడూ ఉండడు. సంద్రంలోకి వేటకెళ్తాడు, అంతే. ‘బంగాళాఖాతం’ వాళ్ళకి రేడియోలో వినిపించే మాట, అదీ అల్పపీడనం పట్టినప్పుడు. ఒడ్డున బతికేవాడికి ఉన్నది ఒకటే సముద్రం, దానికి పేరెందుకు? రెండో సముద్రం సంగతి తెలిసినవాడికి దిక్కు కావాలి. అందుకే విజయనగర రాజులు తూర్పు, పడమటి సముద్రాలకి అధిపతులమని బిరుదులు పెట్టుకున్నారు. కొరియావాళ్ళ తూర్పు, పడమర, దక్షిణ సముద్రాలూ సరిగ్గా ఈ కోవలోవే. ఒక సముద్రం దాటి ఇంకో సముద్రంలోకి, అక్కణ్ణుంచి మూడోదాంట్లోకి వెళ్ళేవాడికి మాత్రం దిక్కు సరిపోదు. రోజురోజుకీ అతని తూర్పు మారిపోతుంది. అతనికి విడివిడి పేర్లు కావాలి. అతనే పటం గీస్తాడు కాబట్టి, తను వెళ్ళే ఊరి పేరో, దారికి అడ్డొచ్చిన దేశం పేరో నీటికి పెడతాడు.

కాబట్టి ఒడ్డువాడి పేరు వేరు, ఓడవాడి పేరు వేరు. ఇంగ్లీషు సముద్రనామాల్లో చాలాభాగం ఓడవాళ్ళు పెట్టినవి. ఇన్నాళ్ళూ ఒడ్డువాళ్ళు బల్ల ముందుకి రాలేదు కాబట్టి అవి నడిచిపోయాయి. కొరియా చేస్తున్నది ఆ బల్ల ముందు కూర్చోవడమే, అందులో న్యాయం ఉంది. కానీ ఒడ్డు పేరుని ఉన్నపళంగా ఇంగ్లీషులోకి తిప్పి ‘ఈస్ట్ సీ’ అంటే ఓడవాడికి అక్కరకి రాదు. నా ప్రయాణంలో నాలుగు తూర్పులున్నాయని చెప్పాను కదా! నన్నడిగితే కొరియావాళ్ళు ‘దోంగ్‌హే’ అన్న మాటనే ఇంగ్లీషులో పెట్టమని అడిగి ఉండాల్సింది. చైనావాళ్ళ దోంగ్ హైకి అది దగ్గరగా వినిపిస్తుందనొచ్చు. దానికి ఇంగ్లీషులో వేరే పేరు గట్టిగానే నాటుకుంది కాబట్టి ఇబ్బంది లేదు. ‘సీ ఆఫ్ జపాన్’ అని, పక్కనే ‘దోంగ్‌హే’ అని రాస్తే ఓడవాడికి తికమక ఉండదు, ఒడ్డువాడికి చిన్నతనమూ ఉండదు.

మొనాకో సంస్థ వేరే దారి చూసుకుంది. 2020 నవంబరులో సభ్యదేశాలు ఒక ఒప్పందానికి వచ్చాయి. ఇకమీదట కంప్యూటర్ చార్టుల కోసం ఎస్-130 అనే కొత్త వ్యవస్థలో సముద్రాలకి పేర్ల బదులు అంకెలుంటాయి. పాత ఎస్-23 చరిత్రగా ఉండిపోతుంది. మా పేరు పోలేదని జపాన్ సంతోషించింది, ఆ పేరు ఒక్కటే ప్రమాణమనే రోజులు పోయాయని కొరియా సంతోషించింది. యంత్రానికి అంకె చాలు. వార్తలకీ బడి పుస్తకాలకీ చాలదు. అందుకే మన తెలుగు పేపర్లకి నా సలహా చిన్నది. ముందు ‘కొరియా, జపాన్‌ల మధ్య సముద్రం’ అని చెప్పండి, ఆ తర్వాత ఏ పేరైనా రాసుకోండి. ఒంటిగా ‘తూర్పు సముద్రం’ అని మాత్రం రాయకండి.

భూగోళం చెప్పే మాస్టార్లకి ఇంకో మాట. పటంలో సముద్రం పేరు చూపించినప్పుడు, ఆ పేరు పెట్టినవాడు ఎటు నుంచి ఎటు వెళ్తున్నాడని పిల్లల్ని అడగండి. దూరం వెళ్ళక్కర్లేదు, మన నీటితోనే మొదలుపెట్టవచ్చు. గ్రీకు టాలెమీ దాన్ని గంగానది సింధుశాఖ అన్నాడు. పోర్చుగీసువాళ్ళు బెంగాల్ సింధుశాఖ అన్నారు. ఇంగ్లీషువాళ్ళు ‘బే ఆఫ్ బెంగాల్’ అన్నారు, మనం దాన్ని తెలుగు చేసుకున్నాం. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఇంత పొడుగు తీరం మనకుండగా, మన ముందున్న నీటికి బెంగాల్ పేరెందుకు వచ్చింది? బెంగాల్ సరుకు కోసం మన ఒడ్డు పక్కనుంచి సాగిపోయినవాళ్ళు పెట్టిన పేరు కనుక.